ఎదురుగాలిలో గమ్యము చేరుట యెట్లు?

వేలూరున జన్మించిన శ్రీ విష్ణు శరవణన్ తెరచాప పడవల పందెములందు మన దేశము పక్షమున రెండు పర్యాయములు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనిరి. 2021వ సంవత్సరమున జరిగిన టోక్యో క్రీడలలో 20వ స్థానమును, 2024లో ఫ్రాన్సు దేశపు మార్సెయి రేవున 18వ స్థానమును పొందిరి. ఈ రెంటి నడుమ 2023లో చైనాయందు జరిగిన ఆసియా క్రీడలలో కంచు పతకము సాధించిరి. సముద్రము చూడవలెనన్న నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలసిన మన ప్రాంతమునుండి ఇట్టి నావికుడు బయలుదేరుట మనకెల్లరకు సంతోషదాయకము. సైన్యోద్యోగియైన తండ్రి చేతనే వారికి ఈ విద్య తొలుత అబ్బినదట.

మార్సెయి పందెములను దూరదర్శనియందు చూచిన తల్లిదండ్రులు కొందరు మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. "గురుతు ఎదుటనే కనబడుచున్నది గదా, పడవలన్నియు తిన్నగా దానికడకు పోక, కొన్ని కుడికిని కొన్ని ఎడమకును చెదరిపోవుచున్నవేమి? దారి తప్పినవా?" దారి తప్పలేదు. ఆ చెదరిపోవుటయందే పందెమంతయు ఇమిడియున్నది. ఈ విషయమును బడియందు తొమ్మిదవ తరగతి బాలురకు నల్లబల్లమీద చెప్పుచున్నాము. పెద్దలకు కూడ విన్నవించుట మంచిదని తలచి ఇచ్చట వ్రాయుచున్నాము. గణితమునకు జడియవలదు. చతురస్రమునకు కర్ణము గీయుట తెలిసినవారికి ఇందులో తెలియనిది లేదు.

ముందుగా పడవ సంగతి. గాలి వెనుకనుండి వీచునపుడు తెరచాప పడవను నెట్టుకొని పోవుట ఎవరికైనను తెలియును. వీధిలో గొడుగు తెఱచినవానిని గాలి తోసికొని పోయినట్లే అది. గాలి ప్రక్కనుండియో, కొంత ఎదుటినుండియో వచ్చునపుడు పడవ ఎట్లు ముందునకు సాగుననునదే చోద్యము. అప్పుడు చాప గాలిని పట్టి ఆపుటలేదు. వంపుదిరిగిన తన ఒంటి వెంబడి గాలిని జారనిచ్చి దాని దిక్కును మళ్లించుచున్నది. గాలిని ఒక ప్రక్కకు మళ్లించినందుకు ప్రతిఫలముగా చాప రెండవ ప్రక్కకు లాగబడును. ఆ లాగుడులో ఎక్కువ పాలు పడవను అడ్డముగా త్రోయును, కొంత పాలు మాత్రము ముందునకు లాగును. అడ్డముగా పోకుండ ఆపునది పడవ అడుగున నీటిలోనికి దింపిన నిలువు పలక. ప్రక్కకు పోవుటకు ఆ పలక అడ్డము వచ్చును, ముందునకు పోవుటకు అడ్డము రాదు. కావున పడవకు మిగిలిన దారి ముందుదారియే. తడిగానున్న పుచ్చగింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కినచో అది ఎదుటికి దూకుట మీరెరుగుదురు. వ్రేళ్లు ప్రక్కలనుండి నొక్కినవే గాని వెనుకనుండి త్రోయలేదు గదా! ఇచ్చట ఒక వ్రేలు గాలి, రెండవ వ్రేలు నీరు. అడుగు పలక లేని గుండ్రని పుట్టికి ఎంత చాప కట్టినను అది గాలి కెదురుగా పోజాలదు. గాలి త్రోసిన వంకకే కొట్టుకొని పోవును.

అయితే ఈ ఉపాయమునకు ఒక హద్దు కలదు. గాలి వచ్చు దిక్కునకు మిక్కిలి చేరువగా పడవ ముక్కును త్రిప్పినచో చాప గాలిని పట్టలేక ఆరవేసిన బట్టవలె టపటప కొట్టుకొనును. పడవ నిలిచిపోవును, పిదప వెనుకకు జరుగును. సామాన్యముగా గాలిదిక్కునకు ఇరువైపుల 45 డిగ్రీల మేర పడవకు నిషిద్ధ భూమి యనుకొనవచ్చును. మంచి పందెపు పడవలు అంతకన్న కొంచెము లోపలికి పోగలవు. ముతక పడవలకు ఆ మాత్రము కూడ సాధ్యము కాదు. గమ్యము ఆ నిషిద్ధ భూమి నడుమనున్నపుడు నావికుడు ఏమి చేయును? ఆ భూమి అంచువెంబడి కుడికి కొంత దూరము, పిదప ముక్కు త్రిప్పి ఎడమకు కొంత దూరము, మరల కుడికి, ఇట్లు అడ్డదిడ్డముగా ఎగబ్రాకును.

ఎగబ్రాకుట యను మాటను మేము ఊరక వాడలేదు. మీలో ఏలగిరి కొండకు పోయినవారుందురు. ఆ కొండమీదికి తిన్నగా రోడ్డు వేసినచో ఏ బండియు ఎక్కజాలదు గనుక 14 వంపులతో వాలుగా వేసిరి. గాలి కెదురుగా పోవుటయు కొండ నెక్కుట వంటిదే. గాలి వచ్చు దిక్కు శిఖరము, గాలి పోవు దిక్కు పల్లము. గాలికి అడ్డముగా గీసిన ప్రతి గీతయు ఒక మెట్టు. ఒకే మెట్టుమీద నున్న పడవలు రెండు, ఒకటి కుడికొసను మరియొకటి ఎడమకొసను ఎంత దూరమున నున్నను, పందెములో సమానములే. గురుతునకు దగ్గరగా కనబడునది ముందున్నట్లు కాదు. పై మెట్టున నున్నదే ముందున్నది. దూరదర్శనియందు ఎవరు ముందున్నారో మనకు తెలియకపోవుటకు కారణము ఈ మెట్లను కంటితో చూడలేకపోవుటయే. ఇకమీదట ఈ వ్యాసమున "ఎత్తు" అని వ్రాసినపుడు గాలి కెదురుగా సంపాదించిన దూరమని గ్రహింపగోరెదము.

ఇపుడు కర్ణము సంగతి. గాలికి 45 డిగ్రీల వాలున పోవు పడవ, 1000 మీటర్ల ఎత్తు సంపాదించుటకు 1414 మీటర్లు నడువవలెను. ఇందొక వింత కలదు. ఒకే మలుపుతో పోయినను, పది మలుపులతో పోయినను నడక మొత్తము 1414 మీటర్లే. గళ్ల కాగితముమీద గీసి చూచినచో చిన్నవారు కూడ ఒప్పుకొందురు. అట్లయిన మలుపులెన్ని యైనను ఒక్కటేనా? కాదు. మలుపు తిరిగినప్పుడెల్ల పడవ ముక్కు నిషిద్ధ భూమిని దాటవలెను. ఆ కొన్ని క్షణములు చాప పనిచేయదు, వేగము తగ్గును. అది మలుపునకు చెల్లించు కూలి. కావున ఊరక తిరుగువాడు నష్టపోవును. మరి ఒకే మలుపుతో పోరాదా అన్నచో, దాని ప్రమాదమును ముందు చెప్పెదము.

వేగమును చూచి మోసపోవుట క్రొత్త నావికుల మొదటి జబ్బు. ముక్కును గాలినుండి కొంచెము దూరముగా త్రిప్పినచో పడవ చురుకుగా పరుగెత్తును, నీరు ఇరుప్రక్కల నురుగులు గ్రక్కును, మనస్సునకు హాయిగా నుండును. ఎత్తు మాత్రము తగ్గును. దీనికి విరుగుడుగా మరికొందరు ముక్కును గాలికి అతిగా దగ్గరకు నొక్కుదురు. అపుడు దారి కురుచయగును గాని పడవ నీరసించును. ఉదాహరణకు ఒక పడవ 45 డిగ్రీల వాలున గంటకు 4 నాటికల్ మైళ్లు పోవుననుకొందము. ఎత్తు గంటకు 2.83 మైళ్లు వచ్చును. 40 డిగ్రీలకు నొక్కగా వేగము 3.5కు పడిపోయినచో ఎత్తు 2.68 మాత్రమే. 50 డిగ్రీలకు వదలగా వేగము 4.3కు పెరిగినను ఎత్తు 2.76 మాత్రమే. అనగా ఎక్కువ వేగముగా పోయినవాడును గెలువలేదు, కురుచ దారిని పోయినవాడును గెలువలేదు. ఈ అంకెలు లెక్క కొఱకు మేము కల్పించినవి. ఏ పడవకు ఏ వాలు మేలో ఆ పడవయే చెప్పవలెను, గాలి బలమును బట్టియు అలల ఎత్తును బట్టియు అది గడియ గడియకు మారును. అలలు పెద్దవైనపుడు ముక్కును కొంచెము వదలి వేగము నిలుపుకొనుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏలయనగా నిదానముగా పోవు పడవను ప్రతి అలయు ఆపివేయును.

ఈ కొద్ది డిగ్రీల తేడాకు ఇంత చర్చ యేల అని కొందరికి తోచవచ్చును. పందెములలో పోవునది పతకమే గాని పూర్వము ఈ డిగ్రీలమీదనే ప్రాణములు ఆధారపడియుండెను. పాత కాలపు యూరోపియను ఓడలకు అడ్డకొయ్యలకు వ్రేలాడదీసిన చదరపు చాపలుండెడివి. అవి వెనుకగాలికి బహు శ్రేష్ఠములు. ఎదురుగాలిలో మాత్రము గాలిదిక్కునకు 67 డిగ్రీలకన్న దగ్గరగా పోవుట వానికి కష్టము. ఆ వాలున 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 2600 మీటర్లు నడువవలెను. దానికి తోడు గాలి ఓడను ప్రక్కకు జార్చును. ఆ జారుడు ఒక 10 డిగ్రీలైనచో నడక సుమారు 4400 మీటర్లగును. తుపాను నాడు జారుడు ఇంకను పెరిగి, ఎంత నడచినను ఎత్తు సున్నయగును. అపుడు దిగువప్రక్క నేల యున్నచో ఓడ ఆ నేలకు కొట్టుకొనుట తప్పదు.

మన చెన్నపట్టణపు తీరము అట్టిదే. 19వ శతాబ్దపు చివరి భాగమున రేవుగోడలు కట్టువరకు అచట ఓడలు బహిరంగ సముద్రముననే లంగరు వేసి నిలిచెడివి. ఈశాన్య ఋతుపవనమున గాలి సముద్రమునుండి తీరమువైపు వీచును. ఓడకు నేల దిగువ, సముద్రము ఎగువ. తుపాను లక్షణములు కనబడగానే లంగరు త్రాడు కోసియైనను ఓడను సముద్రము లోపలికి ఎక్కించుకొని పోవుటయే నావికుల ధర్మముగా నుండెను. ఆలసించినవారికి ఎగబ్రాకు అవకాశము పోయెడిది. 1746వ సంవత్సరమున ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిన కొలది దినములకే, అక్టోబరు 13వ తేది రాత్రి గాలివాన చెలరేగి లాబూర్దొనే నౌకాదళములో కొన్ని ఓడలు మునిగినవి, కొన్ని స్తంభములు విరిగి నిరుపయోగములైనవి. తరగతిలో చరిత్ర పాఠము చెప్పునపుడు ఈ గాలివానను ఒక వాక్యముతో దాటివేయుట కలదు. దక్షిణ దేశమున ఫ్రెంచివారి అదృష్టమును తారుమారు చేసిన సంగతులలో దీనిని కూడ చేర్చవలెనని మా యభిప్రాయము.

మన పూర్వులు ఎదురుగాలితో పోరాడుటకన్న దానికొఱకు వేచియుండుటనే ఎక్కువగా అవలంబించిరి. శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు స్తంభముల ఓడ బొమ్మ యున్న సంగతి చాలమందికి తెలియును. అట్టి ఓడలు ఒక ఋతుపవనమును నమ్మి బయలుదేరి, రెండవ ఋతుపవనమును నమ్మి తిరిగి వచ్చెడివి. గాలి మారువరకు నెలల తరబడి పరదేశపు రేవున కూర్చుండుటయు ఒక ఉపాయమే. దానికి ఓపికయు, తిండి గింజలును కావలెను. పందెములో అంత తీరిక లేదు గనుక మరల మన విషయమునకు వచ్చెదము.

ఇంతవరకు గాలి ఒకే దిక్కునుండి వచ్చుచున్నదని చెప్పుకొంటిమి. నిజమునకు గాలి ఎన్నడును అట్లుండదు. ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడ ఎగురునని మన తమిళ సోదరులకొక సామెత కలదు. అట్టి బలమైన గాలి కూడ ఒకసారి కొంత కుడికి, ఒకసారి కొంత ఎడమకు ఊగుచునే యుండును. కొండ పోలికలో చెప్పవలెనన్న శిఖరమే అటునిటు జరుగుచున్నదన్నమాట. ఎదురుగాలి విద్యయందలి సారమంతయు ఈ ఊగుడును కనిపెట్టి వాడుకొనుటయందే కలదు.

గాలి 10 డిగ్రీలు కుడికి తిరిగినదనుకొందము. కుడిచెక్కమీద గాలి తీసికొని ఎడమవైపుగా ఎగబ్రాకుచున్న పడవ ఇపుడు గమ్యమువైపు 10 డిగ్రీలు అదనముగా తిరుగవచ్చును. దాని వాలు 45 బదులు 35 అగును. ప్రతి 100 మీటర్ల నడకకు 71 మీటర్లు మాత్రమే వచ్చుచున్న ఎత్తు ఇపుడు 82 మీటర్లు వచ్చును. ఎడమచెక్కమీద గాలి తీసికొని కుడివైపుగా పోవుచున్న పడవకు దీనికి విరుద్ధము. దానిని గాలి ప్రక్కకు నెట్టివేయును, వాలు 55 అగును, ఎత్తు 57 మీటర్లకు పడిపోవును. వెంటనే అది మలుపు తిరిగినచో మొదటి పడవవలెనే లాభము పొందును. కావున సూత్రము ఒక్కటియే. గాలి నిన్ను గమ్యమునుండి ప్రక్కకు నెట్టినపుడు తిరుగుము, గమ్యమువైపు లేవనెత్తినపుడు కదలక సాగుము. గాలి ఊగినప్పుడెల్ల ఈ సూత్రమును పాటించినవాడు 1000 మీటర్ల ఎత్తును సుమారు 1220 మీటర్ల నడకతో ముగించును. దానికి విరుద్ధముగా తిరుగు దురదృష్టవంతుడు 1740 మీటర్లు నడువవలసి వచ్చును. పడవలు రెండును ఒకే అచ్చున పోసినవైనను అంత తేడా!

ఒకే అచ్చున పోసినవనుట అతిశయోక్తి కాదు. శ్రీ శరవణన్ నడుపు పడవకు ఐ.ఎల్.సి.ఏ. 7 అని పేరు. పూర్వము లేజరు అనెడివారు. కెనడా దేశీయుడైన బ్రూస్ కిర్బీ దీనిని 1969లో రూపొందించెను. పొడవు 4.2 మీటర్లు, ఒకే చాప, ఒకే మనిషి. చాప వైశాల్యము 7 చదరపు మీటర్లు. 1996 నుండి ఒలింపిక్ క్రీడలలో ఉన్నది. అందరి పడవలును ఒక్కటే గనుక ధనవంతుడు మేలైన పడవ కొని గెలుచుటకు వీలులేదు. గాలిని చదువగలవాడే గెలుచును. టోక్యోయందును మార్సెయియందును స్వర్ణము గెలిచినవారు ఒక్కరే, ఆస్ట్రేలియా దేశపు మాట్ వేర్న్.

ఇక ఒకే మలుపుతో ఏల పోరాదో చెప్పవలసియున్నది. గురుతునుండి దిగువకు, గాలిదిక్కునకు ఇరువైపుల 45 డిగ్రీల చొప్పున రెండు గీతలు గీచినట్లు ఊహింపుడు. ఆ గీతల మీదికి చేరిన పడవ ఇక మలుపు తిరుగనక్కఱ లేకుండ గురుతును చేరగలదు. వీనిని తుదిగీతలందము. ఒకే మలుపుతో పోవుటయన్న, ఒక కొసన తుదిగీతవరకు పోయి అచట తిరుగుటయే. చూచుటకు ఎంతో పొదుపుగా కనబడును. కాని తుదిగీతమీద నున్న పడవకు గాలి ఎటు తిరిగినను నష్టమే. గాలి లేవనెత్తినచో గీతవరకు వచ్చిన శ్రమలో కొంత వృథాయైనట్లు. నెట్టివేసినచో లోపలనున్న పడవలన్నియు దానికన్న పైమెట్టునకు ఎక్కును. ముందుగా పోవుచున్న పడవల చాపలు చెదరగొట్టిన గాలిలో వెనుకబడి నడుచుట మరియొక బాధ. కావున తుదిగీతకు ఎంత ఆలస్యముగా చేరిన అంత మేలు.

ఈ నష్టము ఎంతటిదో ఒక లెక్క చెప్పెదము. ఒకే మెట్టుమీద 100 మీటర్ల ఎడమున రెండు పడవలున్నవి. గాలి 10 డిగ్రీలు తిరిగినది. గాలి తిరిగిన వైపుననున్న పడవకు ఒక్కసారిగా 17 మీటర్ల ఎత్తు కలసివచ్చును. నడకలో అది 25 మీటర్లు, అనగా ఆరు పడవల పొడవు. ఎడము 400 మీటర్లైనచో లాభము నాలుగింతలు, నష్టమును నాలుగింతలే. అందఱినుండియు విడిపోయి ఒక కొసకు పోవువాడు తన భాగ్యమునంతయు గాలి తిరుగు వైపుమీద పెట్టుచున్నాడు. తమిళనాట 2003లో నిషేధింపబడిన లాటరీ చీటికిని దీనికిని భేదము లేదు. ఎపుడో ఒకసారి తగులును. దినమునకు రెండు మూడు పందెముల చొప్పున పలు దినములు జరిగి, మొదటి స్థానమునకు 1, రెండవ స్థానమునకు 2 ఈ రీతిగా గుణములు వేసి, తక్కువ వచ్చినవానిని విజేతగా నిర్ణయించు ఈ క్రీడయందు ఒక్కనాటి అదృష్టము చాలదు. 2023 ఆసియా క్రీడలలో శ్రీ శరవణన్‌కు తుదకు 34 గుణములు వచ్చినవి, రజతము పొందిన కొరియా నావికునికి 33. పలు దినముల పందెములయందు ఒక్క స్థానము, ఎచ్చటనో ఒక మలుపు, పతకము రంగును మార్చినది.

గురుతు ఖచ్చితముగా గాలి నడుమ నుండక ఒకవైపునకు ఒరిగియున్నపుడు ఏ వైపు ముందు పోవలెనను సందేహము పుట్టును. కుడికి 700 మీటర్లు, ఎడమకు 300 మీటర్లు నడువవలసియున్నచో 700 మీటర్ల నడకనే ముందుగా చేయవలెను. కురుచ నడకను ముందు ముగించినవాడు తుదిగీతమీద చిక్కుకొని, మిగిలిన 700 మీటర్లును గాలి దయమీద పోవలెను. పొడవు నడకను ముందు చేయువానికి గాలి తిరిగినపుడు తానును తిరుగుటకు స్వేచ్ఛ మిగిలియుండును. బాలురు సులభమైన లెక్కలను ముందు ముగించి కష్టమైనవానిని చివరకు నెట్టుట మేమెరుగుదుము. పరీక్షలో అది మంచిదే కావచ్చును గాని నీటిమీద కాదు.

దారి హక్కును గూర్చి రెండు మాటలు. రెండు పడవలు ఎదురుపడినపుడు కుడిచెక్కమీద గాలి తీసికొనినదానికి దారి హక్కు కలదు, రెండవది తప్పుకొనవలెను. తప్పుకొనక తగిలినచో రెండు పూర్తి చుట్లు తిరిగి ప్రాయశ్చిత్తము చేసికొనవలెను. అందుచేత గురుతును సమీపించునపుడు కుడిగాలిమీద వచ్చుట క్షేమము.

గాలి తిరుగుచున్నదని ముందుగా తెలియుట ఎట్లు? నీటి రంగును చూచి. గట్టి గాలి పడిన చోట సన్నని అలలు లేచి నీరు నల్లబారును. ఆ నల్లని మరక మనవైపు జరిగివచ్చుట చూచినచో, గాలి చేరకముందే సిద్ధపడవచ్చును. పొగ వాలు, తీరమునందలి జెండాలు, ఎగువనున్న పడవల వంపు కూడ చెప్పును. హైదరాబాదు హుస్సేన్‌సాగరమున సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెయిలింగు అసోసియేషన్ వారి ఆధ్వర్యమున వర్షకాలమున జరుగు పోటీలకు దేశము నలుమూలలనుండి నావికులు వత్తురు. అచట చెఱువు చుట్టును కట్టడములున్నందున గాలి మిక్కిలి చపలముగా తిరుగును. సముద్రముమీద ఆరితేరినవారు కూడ ఆ నగరపు చెఱువున తడబడుదురు. హైదరాబాదు యాట్ క్లబ్బువారు పేద కుటుంబముల బాలబాలికలకు అచటనే ఈ విద్య నేర్పుచున్నారు.

మనకును చెఱువు కలదు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు కట్టతో, పాలాటి ఆనకట్ట కాలువ చేత నిండు కావేరిపాక్కము చెఱువు ఈ రాష్ట్రపు పెద్ద చెఱువులలో నొకటి. దానిలో పందెపు పడవలు లేవు, పిల్లలను నీటిలోనికి దింపుమని మేము చెప్పుటయు లేదు. చెఱువు నిండినపుడు ఈత వచ్చినవారిని కూడ అది నమ్మరాదు. తేలుడు చొక్కా తొడుగని నావికుని ఏ పందెములోనికిని రానీయరని మాత్రము పిల్లలకు చెప్పుడు. కట్టమీద నిలిచి నల్లని మరకలను చూచుటకు మాత్రము అపాయమేమియు లేదు. ఆడి మాసమున ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని పోయి, దిక్సూచితో ఐదు నిమిషముల కొకసారి గాలిదిక్కును వ్రాయించుడు. ఒక గంటలో గాలి ఎన్నిసార్లు ఊగినదో, సగటు దిక్కునకు ఎన్ని డిగ్రీలు అటునిటు పోయినదో బయటపడును.

ఇంట ఆడుకొనుటకు ఒక ఆటయు కలదు. మిల్లీమీటరు గళ్ల కాగితము తీసికొని, పై అంచును గాలిదిక్కుగా భావింపుడు. అడుగున ఒక చుక్క, దానికి తిన్నగా 16 సెంటీమీటర్ల పైన గురుతు పెట్టుడు. ఇద్దరాడవలెను. ప్రతి వంతునకు ముందు నాణెము ఎగురవేయుడు. బొమ్మ పడినచో గాలి కుడికి తిరిగినది, బొరుసు పడినచో ఎడమకు. గాలి కుడికి తిరిగినపుడు ఎడమవైపుగా పోవు పడవ 8 గళ్లు పైకి, 6 గళ్లు ప్రక్కకు జరుగును. కుడివైపుగా పోవు పడవ 6 గళ్లే పైకి, 8 గళ్లు ప్రక్కకు జరుగును. గాలి ఎడమకు తిరిగినపుడు ఇది తారుమారు. రెంటికిని నడక సరిగా 10 గళ్లేయని పైథాగొరసు సిద్ధాంతము నెరిగిన పిల్లలు గుర్తింతురు. మలుపు తిరుగగోరినవాడు ఆ వంతులో కూలిగా ఒక గడి క్రిందికి దిగి పిదప జరుగవలెను. ఈ కూలిని ఒక గడినుండి మూడు గళ్లకు పెంచి మరల ఆడిచూడుడు. మలుపు వలన ఒక వంతులో వచ్చు లాభము రెండు గళ్లే గనుక, ఈసారి ప్రతి చిన్న ఊగుడునకును తిరుగువాడే వెనుకబడును.